ఏ మూలది, పటేలా?

గంగాకిషన్ పటేల్‌ను బోనెక్కించి అడగడానికే నేను లా చదివానని మా అమ్మ వాడకట్టంతా చెప్పుకుంటుంది. అది నిజం కాదు. నేను లా చదివింది బతకడానికి. కానీ ఆ రోజంటూ వచ్చాక, అమ్మ చెప్పుకునేదే నిజమేమో అని నాకే అనుమానం వచ్చింది.

నా పేరు లిదియా. ఆర్మూర్ కోర్టులో దయానంద్ గారి దగ్గర జూనియర్‌ని. మా అమ్మ ఎస్తేరు ఒకప్పుడు పటేల్ పసుపు కల్లంలో కూలి. ఒక సాయంత్రం ఎండబోసిన కొమ్ములు తగ్గాయని పటేల్ ఆడవాళ్లందరినీ వరసలో నిలబెట్టాడు. మా అమ్మ దగ్గరికొచ్చేసరికి ఏం బుద్ధి పుట్టిందో, బకెట్ నీళ్లు తెప్పించి చేతులు ముంచమన్నాడు. ముంచింది. నీళ్లు పచ్చబడ్డాయి. "సూసిన్రా, దొంగ చేతులు" అన్నాడు. పొద్దంతా పసుపు ఏరిన చేతులు ముంచితే నీళ్లు పచ్చబడక ఇంకేమవుతాయి? అక్కడున్న ప్రతి ఒక్కరి చేతులూ అదే రంగులో ఉన్నాయి. ఒక్కరూ ఆ మాట అనలేదు. పైగా నవ్వారు. కొంగు విప్పి దులిపించాడు, ఒక్క కొమ్ము రాలలేదు. అయినా రేపటినుంచి రావద్దన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ చాలాసేపు చేతులకు బూడిద రుద్దుకుంటూ కూర్చుంది. పసుపు ఒక్క పూటలో పోతుందా? ఆ తర్వాత అమ్మ బీడీల పనిలో పడింది. ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు, మరిచిపోనూ లేదు. నేనూ మరిచిపోలేదు.

కాబట్టి ముందే చెబుతున్నాను. ఈ కేసులో నాకు కావలసింది న్యాయం ఒక్కటే అని నేను అనను. న్యాయం రత్నవ్వకు కావాలి. నాకు పటేల్ కావాలి.

రత్నవ్వ మా అమ్మతో కలిసి బీడీలు చుడుతుంది. ఆమె భర్త రాజం మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. ఊరి చివర వాళ్లకో ఖాళీ జాగా ఉంది, రాజం తండ్రినాటిది. అందులో ఇల్లు కట్టుకోవాలని వాళ్లు ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నారు. దాన్ని ఆనుకునే పటేల్ చేను. రాజం అక్కడ, రత్నవ్వ ఇక్కడ బీడీల చాట ముందర. అడిగేవాళ్లు లేరు. రెండేళ్ల కింద పసుపు తవ్వే కాలంలో ఒక పొద్దున పటేల్ ట్రాక్టర్ తెచ్చి ఆ జాగా మొత్తం చదును చేయించి, పేడతో అలికించి, ఉడికిన పసుపు కొమ్ములు తెచ్చి ఎండబోయించాడు. ఇదేందని అడిగితే, "తొంభై కెల్లి ఇది నా కల్లమే" అన్నాడు, పంతొమ్మిది వందల తొంభై నుంచీ అన్నమాట. అంత నిబ్బరంగా అబద్ధమాడేవాణ్ణి చూస్తే ఒక్కోసారి మనకే అనుమానం వస్తుంది.

దావా వేశాం. కాగితాలు ఇద్దరివీ అంతంత మాత్రమే. అందుకని జాగా ఇన్నేళ్లూ ఎవరి చేతిలో ఉందన్నదాని మీదే కేసంతా నిలబడింది. అది చెప్పాల్సింది చుట్టుపక్కల వాళ్లు. చుట్టుపక్కల వాళ్లంతా పటేల్ చేలల్లో కూలికి పోయేవాళ్లే. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "మాకేం ఎర్క లేదు బిడ్డా" అని తలుపు దగ్గరికి వేసుకున్నారు. వాళ్లనేం అనగలను? రేపు పొద్దున వాళ్లకు పని ఇచ్చేది నేను కాదు కదా.

పటేల్ సాక్ష్యం అఫిడవిట్ రూపంలో దాఖలైంది. ఇక మిగిలింది నా క్రాస్ ఎగ్జామినేషన్. దానికి ముందు ఒకసారి జాగా చూసుకుందామని రత్నవ్వను తీసుకొని వెళ్లాను. దారి మీద నిలబడి చూశాం. జాగా అంతా కొమ్ములు పరిచి ఉన్నాయి, ఎండకు కళ్లు చెదిరేలా పచ్చగా. ఒక్క మూల మాత్రం బోడిగా ఉంది. అక్కడొక వేపచెట్టు, కొమ్మలన్నీ నరికేసి మొండిగా. నీడ కూడా లేదు. ఎండంతా అక్కడే కాస్తోంది. ఇంత జాగా మింగినవాడు ఆ మూల ఎందుకు వదిలేశాడని రత్నవ్వను అడిగాను.

రత్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గాడ నా బిడ్డ ఉన్నది, లిదియా."

తొలిచూలు పిల్లట. పేరు శ్యామల. తొంభై ఐదులో పుట్టింది, ఏడాది నిండకుండానే జ్వరమొచ్చి పోయింది. పసిపిల్లలను కాల్చరు, పూడ్చిపెడతారు. రత్నవ్వ మామ తమ జాగాలోనే, ఆ మూలన గుంత తవ్వి పెట్టాడు. పైన మూడు రాళ్లు. ఏడాదికోసారి రత్నవ్వ గిన్నెడు పాలు తీసుకెళ్లి పోసి వచ్చేది. ట్రాక్టర్ వచ్చిన పొద్దున ఆమె పరుగెత్తుకెళ్లి అడ్డం పడింది.

"గా మూలకు పోకుండ్రి పటేలా, నా బిడ్డ ఉన్నది, మీ కాల్మొక్త అన్న. పటేల్ ఏమన్నడో ఎర్కనా? ఏ బిడ్డ, ఈడ ఏం లేదు, తొక్కియ్‌రా అన్నడు డ్రైవర్‌తోని. రాళ్లు లేసిపోయినయి. నేను సూస్తనే ఉన్న."

తర్వాత కొమ్ములు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ మూలకు పోలేదు. అందరూ తల్లులే, అందరికీ తెలుసు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. ఊరికే ఆ మూల వదిలి పోశారు. పటేల్ చూశాడు, చూసి ఊరుకున్నాడు. ఆ ఏడూ అంతే, తర్వాతి ఏడూ అంతే.

"మరి ఇన్ని రోజులు నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?" అని గట్టిగానే అరిచాను.

"కోర్టంటె జాగల ముచ్చట గద బిడ్డా. సచ్చిపోయిన పిల్ల ముచ్చట ఎవలింటరనుకున్న." రత్నవ్వే మళ్లీ అంది, "జాగ వస్తె వచ్చింది, లేకుంటె లేదు. వాని నోట్లకెల్లి ఒక్క మాట రావాలె. నా బిడ్డ గాడ ఉండె అని. ఏ బిడ్డ అన్నడు సూడు, గా నోట్లకెల్లే రావాలె."

ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు ముందు కలిగింది జాలి కాదు. జాలి ఇంటికొచ్చాక, అన్నం ముందు కూర్చున్నప్పుడు కలిగింది. అక్కడ ఆ దారి మీద కలిగింది సంతోషం. దొరికాడు, అనుకున్నాను.

దయానంద్ గారు మాత్రం తల అడ్డంగా ఊపారు. ముప్పై ఏళ్లుగా కోటు వేసుకుంటున్న మనిషి, అంత తొందరగా సంతోషపడరు.

"దావాల గా సంగతి రాయలె. సాక్షి లేడు. రాళ్లు లేవు. ఆయన లేదంటె అయిపాయె" అన్నారు. "అడుగుతనంటవా, అడుగు. జర నిమ్మలంగ అడుగు. ఒక్కటి మాత్రం యాదికుంచుకో లిదియా. క్రాస్‌ల ఎందుకు అనే మాట రావద్దు. ఎందుకు అన్నవంటె, వాని చేతుల తాళంచెవి పెట్టినట్టే. నీడ పడ్తది అంటడు, రాళ్లుండె అంటడు, తప్పించుకపోతడు."

ఆయన మాట నేను మరిచిపోలేదు. తలుపులున్నాయంటే ముందే మూసేసి రావాలన్నమాట, అనుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను. వాయిదా నాడు జ్వరమని చెప్పి కేసును అమావాస్య రోజుకు జరిపించుకున్నాను. అమావాస్యకు పసుపు మార్కెట్ యార్డు బంద్. పసుపు కొనేవాళ్లకు, అమ్మించే అడ్తిదార్లకు ఆ రోజు తీరిక. వాళ్ల బాకీల కేసులన్నీ ఇదే కోర్టులో నడుస్తాయి కనుక, వాయిదాలన్నీ అమావాస్యకే పెట్టించుకొని వరసగా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంటారు. పటేల్ సాక్ష్యం జడ్జి ఒక్కరే వింటే నాకు చాలదు. పటేల్ పసుపు కొనేవాళ్లు కూడా వినాలి.

ఆ రోజు వెనక బెంచీల్లో పది పదిహేను మంది ఉన్నారు. మధ్యలో అడ్తిదారు లక్ష్మీనర్సయ్య, పెద్ద బొట్టు, చంకలో సంచీ. ఏటా పటేల్ పసుపు అమ్మించేది ఆయనే. ఇంకోవైపు గోడ పక్కన రత్నవ్వ, ఆమె పక్కన మా అమ్మ. అమ్మను రావద్దన్నాను. వింటుందా!

పటేల్ తెల్ల లాల్చీ, తెల్ల ధోవతిలో బోనెక్కాడు. పక్కన ఆయన వకీలు భీమ్‌రావు గారు, గెలిచిన కేసే కదా అన్నట్టు కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నారు. నేను లేచాను.

"గంగాకిషన్ గారూ, పసుపు పని గురించి నాకు అంతగా తెలియదు. మీరే కాస్త వివరంగా చెప్పాలి."

"మీ అమ్మకు ఎర్కనే గద. నా కల్లంల ఏరింది. అడగకపోయినవా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. భీమ్‌రావు గారూ నవ్వారు.

ఒళ్లు భగ్గుమంది. అయినా పళ్లన్నీ కనబడేలా నవ్వాను.

"అడిగాను సార్. గంగాకిషన్ పటేల్ కల్లం అంత శుద్ధంగా ఈ చుట్టుపక్కల ఇంకెవరి కల్లమూ ఉండదని చెప్పింది."

అమ్మ జన్మలో ఆ మాట అనలేదు. కానీ పటేల్ పొంగిపోయాడు. పొగడ్త ఎవరి నోట వచ్చినా చేదుగా ఉండదు కదా.

"పసుపంటె ఏందనుకున్నవు? లచ్చిందేవి. నా కల్లంలకు చెప్పులతోని ఎవ్వలు రావద్దు. అలికించి, కొబ్బరికాయ కొట్టినంకనే కొమ్ములు పోయిస్త. ముట్టు ఆడోళ్లు రావద్దు, సావైన ఇంటోళ్లు రావద్దు. శవం పోయే తొవ్వకైతె కల్లమే పెట్టం మేం."

"చావు మైల అస్సలు పనికిరాదన్నమాట."

"అస్సలు పనికిరాదు."

జడ్జి మేడం ఆ మాట టైపిస్టుకు చెప్పి రాయించారు. నేను ఆగాను. టైపు చప్పుడు ఆగేదాకా ఆగాను.

"ఎండ సంగతేమిటి? ఎక్కడైనా నీడ పడితే కొమ్ములు సరిగా ఎండవేమో కదా?"

"నా కల్లంల నీడ యాడికెల్లి వస్తది? పొద్దు పొడిసిన కాడికెల్లి గూకెదాంక ఎండనే. చెట్ల కొమ్మలు ఏటేటా నరికిపిస్త. చారెడు నీడ పడనియ్య."

"రాళ్లు, గుంటలు?"

"సాపు చేపిచ్చిన. అద్దం లెక్కుంటది."

"అయితే ఇక్కడ పనికొస్తుంది, అక్కడ పనికిరాదు అనే తేడా ఏమీ లేదు."

"ఏం లేదు. మూలమూలకు పోయిస్త."

"నాలుగు మూలలకూ?"

"నాలుగు మూలలకు. తొంభై కెల్లి గిదే లెక్క. ఒక్క ఏడు తప్పలె." ఈ చివరి మాట నేను అడగకుండానే చెప్పాడు. కోటు జేబులో చేయి పెట్టుకొని పిడికిలి బిగించాను, ముఖం మీద ఏమీ కనబడకూడదని.

"ఆ జాగాలో ఒక పసిపిల్ల సమాధి ఉంది. నిజమేనా?"

భీమ్‌రావు గారు కాలు కిందికి దించి లేచారు. దావాలో లేని సంగతి, అడగడానికి వీల్లేదన్నారు. జడ్జి మేడం నా వంక ఒకసారి, బోను వంక ఒకసారి చూశారు. "సాక్షి మాట నమ్మొచ్చా లేదా అన్నది తేల్చుకోవాలి కదా. అడగనివ్వండి" అన్నారు.

"ఏ బిడ్డ? గాడ ఏం లేదు" అన్నాడు పటేల్.

అదే మాట. ట్రాక్టర్ ముందర అన్న మాట. ఈడ కాస్తా గాడ అయింది, అంతే. గోడ పక్కన రత్నవ్వ లేవబోతే మా అమ్మ చేయి పట్టి కూర్చోబెట్టింది.

"మీరు లేదంటున్నారు. రత్నవ్వ ఉందంటోంది. కోర్టు కమిషనర్‌ను పంపి తవ్విస్తే ఒక్క పూటలో తేలిపోతుంది" అన్నాను. గొంతు పెంచాను, వెనక బెంచీల దాకా వినబడాలని. "ఉందనే తేలిందనుకోండి. అప్పుడు మీరు ఇన్నేళ్లుగా పసిపిల్ల సమాధి మీద ఎండబోసిన పసుపును బజారులో అమ్మినట్టు. ఆ పసుపే పెళ్లికూతుళ్లకు పూశారు. ఆ పసుపే గడపలకు రాశారు, బోనం కుండలకు రాశారు. నాలుగు మూలలకూ పోశానని ఇప్పుడే చెప్పారు. అంతేనా?"

వెనక బెంచీలు కిర్రుమన్నాయి. లక్ష్మీనర్సయ్య లేచి నిలబడ్డాడు. ఆయన ఇంట్లో పోయిన నెలలోనే బిడ్డ పెళ్లి అయింది. పసుపు ఎవరి కల్లం నుంచి వచ్చిందో ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

పటేల్ జడ్జిని చూడలేదు, నన్ను చూడలేదు. లక్ష్మీనర్సయ్యను చూశాడు. పసుపు అమ్ముకునేవాడికి అడ్తిదారును మించిన జడ్జి ఎవరు?

"నర్సన్నా, గదంత ఉత్తదే!"

"మీరు కోర్టుతో మాట్లాడాలి" అన్నారు జడ్జి మేడం.

"మేడం, నేను గసొంటోన్ని కాదు. పసుపు మీద ఒట్టు. గా వేపచెట్టు మూలకు మా ఆడోళ్లు ఎన్నడు ఒక్క కొమ్ము గూడ పోయలె. కావాల్నంటె ఎవల్నన్న అడుగుండ్రి!"

భీమ్‌రావు గారు నుదుటి మీద చేయి పెట్టుకున్నారు.

"ఏ మూల అన్నారు?" అని అడిగాను, చెవిటిదానిలా.

"వేపచెట్టు మూల."

"నేను సమాధి అన్నానే గానీ ఏ మూలో చెప్పలేదు. దావాలో లేదని మీ వకీలు గారే అన్నారు. నాలుగు మూలల్లో ఆ మూలే అని మీకెలా తెలిసింది?"

పటేల్ లాల్చీ చేయితో నుదురు తుడుచుకున్నాడు.

"పోనీండి. ఇందాక నాలుగు మూలలకూ పోయిస్తానన్నారు."

"గా ఒక్క మూల తప్ప."

"ఎప్పటినుంచి తప్ప? నిన్న మొన్నటి నుంచా?"

ఆయన మళ్లీ వెనక్కి చూశాడు. నిన్న మొన్నటి నుంచి అంటే అంతకు ముందు పసుపంతా మైల పసుపే అవుతుంది. "మొదటి కెల్లి. తొంభై కెల్లి గా మూల ముట్టలె" అన్నాడు, గట్టిగా, బెంచీలన్నిటికీ వినబడేలా.

దయానంద్ గారు నా కోటు కొస పట్టి లాగారు. నాకర్థమైంది. సాక్షి మాట మార్చాడు, రికార్డు మీదికెక్కింది, చాలు, కూర్చో. కూర్చోవచ్చు. కానీ రత్నవ్వ అడిగిన మాట ఇంకా రాలేదు. నీడ తలుపు మూశాను, రాళ్ల తలుపు మూశాను. ఇంకొక్కటే తలుపు ఉంది, అది నాకు కావలసిన ఇంట్లోకే తీస్తుంది. కోటు విడిపించుకున్నాను.

"ఎందుకు ముట్టలేదు?"

వెనక నుంచి దయానంద్ గారి నిట్టూర్పు వినబడింది.

"గాడ నీడ..." అన్నాడు పటేల్.

నేను నోరు విప్పే అవసరం కూడా రాలేదు. జడ్జి మేడమే కాగితం వెనక్కి తిప్పి, "చారెడు నీడ పడనివ్వనని చెప్పారు మీరు" అన్నారు.

పటేల్ బోను కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ చేతులు చూశాను. తెల్లగా, మెత్తగా ఉన్నాయి. లక్ష్మీనర్సయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, చేతులు కట్టుకొని. ఊరికే వదిలేశామంటే ఆ మనిషి నమ్మడు. నిజం చెబితేనే నమ్ముతాడు. ఆ పాటి లెక్క పటేల్‌కూ తెలుసు.

"పసిపిల్ల ఉండెనని" అన్నాడు, లోగొంతుతో.

"గట్టిగా చెప్పండి. టైపిస్టుకు వినబడలేదు." టైపిస్టుకు వినబడింది. కొట్టడం కూడా మొదలుపెట్టాడు. నాకు రెండోసారి వినాలనిపించింది, అంతే.

"గాడ పసిపిల్లను పెట్టిన్రు. గందుకనే మా ఆడోళ్లు పోయలె."

"ఎవరి పిల్లను?"

జడ్జి మేడం జవాబు చెప్పమన్నారు. పటేల్ గోడ వైపు చూశాడు, చూసి వెంటనే తల దించుకున్నాడు.

"రత్నవ్వ బిడ్డను."

ఇక ఆగలేదు నేను. "ఆ బిడ్డ పుట్టిందే తొంభై ఐదులో. తొంభైలో మీ ఆడవాళ్లు ఇంకా పుట్టని పిల్ల కోసం మూల వదిలారా?"

పటేల్ తన వకీలు వైపు చూశాడు.

"చావైన ఇంటివాళ్లను కల్లంలో అడుగు పెట్టనివ్వనన్నారు. రత్నవ్వ మామ పార పట్టుకొచ్చి, మీ కల్లంలో గుంత తవ్వి, శవాన్ని పెడుతుంటే మీరేం చేశారు? కేకలేశారా? పంచాయితీ పెట్టారా? ఒక్క మాటైనా అన్నారా?"

భీమ్‌రావు గారు కాగితాలు తిరగేస్తున్నారు.

"ఎందుకంటారు? అది మీ జాగా కాదు, మీ కల్లం కాదు. కన్న బిడ్డను ఎవరైనా తమ జాగాలోనే పెట్టుకుంటారు. అవునా, కాదా?"

భీమ్‌రావు గారు లేచి, ఇది ప్రశ్న కాదు వాదన అన్నారు. ఆ గొంతులో బలం లేదు. "సాక్షి జవాబివ్వలేదని రాయండి" అన్నారు జడ్జి మేడం.

నా దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. చిన్నప్పటినుంచి ఉంది. ఆ తెల్లటి చేతులు ఎప్పుడైనా బకెట్లో ముంచి చూసుకున్నారా పటేలా, అని. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది ఈ దావాలోది కాదు. మింగేసి, "క్రాస్ అయిపోయింది" అని కూర్చున్నాను.

సాక్ష్యం చదివి వినిపించి పటేల్ చేత సంతకం పెట్టించారు. బయటికి రాగానే ఆయన నేరుగా వరండాలోని మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి నడిచాడు. గొంతు ఎండి ఉంటుంది పాపం. అప్పటికే అక్కడ మా అమ్మ నిలబడి ఉంది. చెంబు అందుకొని, నిండా ముంచి, మర్యాదగా ముందుకు చాపింది.

"నేను పోస్త పటేలా. మీరు చేతులు ముంచకుండ్రి. నలుగురు తాగే నీళ్లు."

పటేల్ నీళ్లు తాగలేదు. చెప్పులు వెతుక్కొని వెళ్లిపోయాడు. అమ్మ ఆ చెంబెడు నీళ్లు తనే గటగటా తాగేసింది. అమ్మ అంత ఆనందంగా నీళ్లు తాగడం నేను ఎన్నడూ చూడలేదు.

యార్డు తెరిచాక ఏం జరిగిందో చూడకుండా ఉండలేకపోయాను. కోర్టుకు ఆలస్యమైనా సరే అని వెళ్లి నిలబడ్డాను. పటేల్ పసుపు కుప్పగా పోసి ఉంది. కొనడానికి వచ్చిన ఒక సేటు ఒక కొమ్ము తీసి విరిచాడు. టప్పున విరిగింది. లోపల రంగు చూశాడు, వాసన చూశాడు. మంచి సరుకు, వంక పెట్టడానికి లేదు. ఆ కొమ్మును వేళ్ల మధ్య తిప్పుతూ, "ఏ మూలది, పటేలా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. సేటు కొమ్మును కుప్ప మీదికి విసిరి పక్క కుప్పకు వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాడూ అదే అడిగాడు. సాయంత్రానికి హమాలీలు కూడా అడుగుతున్నారు. బాల్కొండ దాకా పాకింది ఆ మాట. ఆ సీజనంతా పటేల్ ఏ టీ కొట్టు ముందు ఆగినా, ఎవరో ఒకరు ఇంకెవరినో చూస్తున్నట్టు నటిస్తూ, ఏ మూలది అనేవారు.

పసుపులో ఏ మైలా లేదని నాకు తెలుసు. ఆ ఆడవాళ్లు ఆ మూల ముట్టలేదు, నా కళ్లతో చూశాను. తెలిసీ నేను ఎవరికీ చెప్పలేదు. ఏ తప్పూ లేని సరుకును నలుగురి ముందు మైలదనిపించుకోవడం ఎలా ఉంటుందో, ఏ తప్పూ లేని చేతులను దొంగ చేతులనిపించుకోవడమూ అలాగే ఉంటుంది. తెలుసుకోనీ అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

ఆ ముచ్చటంతా రత్నవ్వకు పూసగుచ్చినట్టు చెప్పాను. బీడీ ఆకు కత్తిరిస్తూ విన్నది. ఆమె నవ్వుతుందని ఎదురుచూశాను. "మంచిగైంది" అంది, అంతే. తర్వాత చాట పక్కన పెట్టి, "గా కాయితం ఇంకోపారి సదువు బిడ్డా" అంది. ఏ కాగితమో నాకు తెలుసు. పటేల్ సాక్ష్యం నకలు నా సంచీలోనే ఉంటోంది. ఆ మూలలో రత్నవ్వ బిడ్డను పెట్టిన మాట నిజమే అన్న వాక్యం చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

వానాకాలంలో తీర్పు వచ్చింది. జాగా రత్నవ్వదే అన్నారు. పటేల్ హద్దుకు పాతిన రాతి కడీలు పీకేసిన రోజు రాజం మస్కట్ నుంచి ఫోన్ చేసి ఏడ్చాడు. రత్నవ్వ ఏడవలేదు. సిద్దుల గుట్ట కింది నుంచి మూడు రాళ్లు ఏరుకొచ్చింది. నన్నూ అమ్మనూ దారి మీదే ఉండమని చెప్పి, చెప్పులు విడిచి, ఒక్కతే ఆ మూలకు నడిచింది. వాన పడి అలుకంతా కొట్టుకుపోయి నేల మెత్తగా ఉంది. మొండి వేపకు కొత్త చిగుళ్లు వచ్చాయి. రాళ్లు పేర్చి, పాలు పోసి, నేలకు దగ్గరగా వంగి కూర్చుంది. గాలి ఇటే కొడుతోంది కనక ఆమె మాట మాకు వినబడింది.

"శ్యామలా, నువ్వు ఉన్నవంటనే బిడ్డా. పటేలే చెప్పిండు. సంతకం గూడ పెట్టిండు."